పాత బ్రిటిష్ లెన్సులు: డిజిటల్ కెమెరాలపై వినియోగ చరిత్ర

లండన్, లీసెస్టర్, బ్రోమ్లీ వంటి ఊళ్లలో పంతొమ్మిదో శతాబ్దపు నడిమి కాలం నుంచి 1960ల దాకా తయారై, గాజుపలక కెమెరాలకూ ఫిల్ము కెమెరాలకూ సినిమా యంత్రాలకూ అమర్చిన లెన్సులను, లోహపు బిగింపు ముక్కల సాయంతో నేటి డిజిటల్ కెమెరాలకు తగిలించి ఫోటోలు తీసే పద్ధతి 2008 తరువాత ప్రపంచమంతటా వ్యాపించింది. హుజూరాబాద్, జమ్మికుంట, కోరుట్ల వంటి ఉత్తర తెలంగాణ పట్టణాల్లో దీని చరిత్ర స్టూడియో, డార్క్‌రూము, సినిమా హాలు అనే మూడు చోట్లతో ముడిపడి ఉంది. ఈ మూడూ డిజిటల్‌కు మారినప్పుడు వాటి యంత్రాలు తూకానికి పోయినా, వాటి ముందు బిగించిన గాజు మాత్రం అంత తేలిగ్గా చెడిపోయేది కాదు.

బ్రిటిష్ లెన్సు పరిశ్రమకు మూలపురుషుల్లో ఒకడైన ఆండ్రూ రాస్ 1830లో లండన్‌లో తన సంస్థను స్థాపించాడు. అతని దగ్గర పని నేర్చి, అతని అల్లుడై, 1859లో మామ చనిపోయాక వేరుపడ్డ జాన్ హెన్రీ డాల్మేయర్ 1866లో ర్యాపిడ్ రెక్టిలీనియర్ అనే లెన్సును తెచ్చాడు. ఒకదానికొకటి ఎదురుగా నిలిపిన రెండు జంట కటకాల మధ్య అపర్చరు, అంటే వెలుతురు చొరబడే రంధ్రం, ఉండేలా దీన్ని అమర్చడం వల్ల, అంతకుముందు వంగినట్టు కనిపించే గోడలూ స్తంభాలూ బొమ్మలో నిటారుగా నిలిచాయి. ఆ తరువాతి పెద్ద మలుపు 1893 నాటిది. యార్క్ నగరంలోని టి. కుక్ అండ్ సన్స్ అనే దూరదర్శినుల సంస్థలో పనిచేసిన డెన్నిస్ టేలర్, మూడే మూడు గాజుబిళ్లలతో దాదాపు అన్ని దోషాలనూ అదుపు చేసే ట్రిప్లెట్‌ను రూపొందించగా, దాన్ని తయారు చేసే హక్కు లీసెస్టర్‌లోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ సంస్థకు దక్కింది. తక్కువ ఖర్చుతో మంచి బొమ్మ ఇచ్చే ఈ అమరిక, ఆ తరువాత ఎన్నో దేశాల్లో తయారైన చవక కెమెరాలకు ఆధారమయింది.

అదే కాలంలో నిజాం రాజ్యంలో ఛాయాచిత్రకళ ఉచ్చస్థితికి చేరింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి 1894లో రాజా బిరుదు పొంది, 1897లో విక్టోరియా రాణి అధికార పత్రాన్ని కూడా అందుకున్నాడు. ఆయన స్టూడియోకు చెందిన 2857 గాజు నెగెటివ్‌లను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. ఆ గాజుపలకల్లోని అరచేతి గీతల్లాంటి సన్నని వివరాన్ని చూస్తే, ఆ కాలపు లెన్సులను కేవలం మసక బొమ్మల పనిముట్లుగా భావించడం ఎంత పొరపాటో తెలుస్తుంది. కోరుట్లలో 1939లో పుట్టిన ఛాయాచిత్రకారుడు బండి రాజన్‌బాబు తరానికి వచ్చేసరికి గాజుపలక పోయి ఫిల్ము వచ్చింది గాని, వెలుగునీడల్ని చిత్రకారుడిలా మలిచే దృష్టి పోలేదు. ఆయన అందుకున్న ఫెలోషిప్ లండన్‌లో 1853లో పుట్టిన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీది. లెన్సుల మరలకు ఉమ్మడి కొలతలు నిర్ణయించి, ఒక తయారీదారుడి లెన్సు మరొకరి కెమెరాకు పట్టేలా చేసిన సంస్థల్లో అదీ ఒకటి.

ఇరవయ్యో శతాబ్దంలో సినిమా ఈ పరిశ్రమను మరో దారి పట్టించింది. హోరేస్ లీ 1920లో రూపొందించిన ఎఫ్/2 లెన్సు నుంచి కుక్ స్పీడ్ పాంక్రో వరుస పుట్టింది. మాటల సినిమా రాగానే చప్పుడు చేసే ఆర్క్ దీపాలను తీసేసి బల్బుల వెలుగులో షూటింగ్ జరపవలసి రావడంతో, తక్కువ వెలుతురులో పనిచేసే ఈ లెన్సులకు గిరాకీ పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లీసెస్టర్‌లో రీడ్, బ్రోమ్లీలో రేఫ్లెక్స్, వుల్వర్‌హాంప్టన్‌లో పెరిఫ్లెక్స్ కెమెరాలు తయారైనా, జర్మన్, జపాన్ పోటీకి నిలవలేక అవన్నీ 1960లు ముగిసేలోపే ఆగిపోయాయి.

నలభై ఏళ్లు మూలనపడ్డ ఈ లెన్సులు మళ్లీ పనికి రావడానికి కారణం ఒక చిన్న కొలత. లెన్సును బిగించే అంచు నుంచి బొమ్మ పడే తలం దాకా ఉండే దూరం ప్రతి కెమెరాకూ స్థిరం. నికాన్ ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో అది 46.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో 44. లైకా మరకు చేసిన పాత లెన్సుకు కావలసింది 28.8 మాత్రమే కాబట్టి, అద్దం ఉన్న డిజిటల్ ఎస్ఎల్ఆర్‌కు దాన్ని తగిలిస్తే దగ్గరి వస్తువులు తప్ప దూరపు దృశ్యం ఫోకస్ కాదు. 2008లో పానాసోనిక్ జి1తో మొదలైన అద్దం లేని కెమెరాల్లో ఈ దూరం బాగా తగ్గి, సోనీ ఇ బిగింపులో 18, నికాన్ జెడ్‌లో 16 మిల్లీమీటర్లకు దిగింది. 28.8కీ 18కీ మధ్య మిగిలిన 10.8 మిల్లీమీటర్ల చోటును ఒక ఇత్తడి లేదా అల్యూమినియం వలయంతో నింపితే చాలు, లెన్సు తన అసలు దూరంలో నిలుస్తుంది. ఆ వలయాన్నే అడాప్టరు అంటారు. 2013లో సోనీ ఎ7 పూర్తి ఫిల్ము పరిమాణపు సెన్సారుతో వచ్చాక, 36×24 మిల్లీమీటర్ల ఫిల్ముకు చేసిన లెన్సు బొమ్మంతా అంచులతో సహా దొరికింది.

అయితే అన్ని పాత లెన్సులూ ఒకే తీరు ఫలితం ఇవ్వవు, ఈ రంగంలో ఎక్కువ అపోహలున్నదీ ఇక్కడే. స్టూడియో కెమెరాకు ఉండే పెద్ద ఇత్తడి లెన్సు ఆరున్నర × ఎనిమిదిన్నర అంగుళాల పలక మొత్తాన్ని కప్పేలా చేసినది. చిన్న సెన్సారు ఆ బొమ్మలోంచి నడిమి ముక్కను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, అందరూ ఆశించే సుడితిరిగిన నేపథ్యం కనిపించక, చక్కని టెలిఫోటో బొమ్మ వస్తుంది. ఆ సుడి కావాలంటే సినిమా హాలు ప్రొజెక్టరు లెన్సు వైపు చూడాలి. నాలుగు అంగుళాల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న ప్రొజెక్టరు లెన్సు, సుమారు 21×15 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రాన్ని తెర మీదికి పంపేందుకే లెక్కగట్టినది. దాన్ని 36×24 సెన్సారుకు వాడినప్పుడు, రూపకర్త పట్టించుకోనక్కరలేని అంచులు కూడా బొమ్మలోకి వచ్చి, చెట్ల ఆకులు ముఖం చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. దీనికి అపర్చరు మార్చే వీలు గాని, ఫోకస్ మర గాని ఉండవు. ముందుకూ వెనక్కూ జరిగే మరగొట్టాన్ని, అంటే హెలికాయిడ్‌ను, అదనంగా అమర్చుకోవాలి. డార్క్‌రూములో ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరు లెన్సుల్లో, ఉదాహరణకు రే సంస్థ చేసిన సూపర్ వంటివాటిలో, అపర్చరు ఉన్నా ఫోకస్ మర ఉండదు గనుక వాటికీ ఇదే ఏర్పాటు అవసరం. వీటి బొమ్మ అంచుదాకా చదునుగా, పదునుగా ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి లెన్సులకు సాధారణంగా గాజు మీద పరావర్తనాన్ని తగ్గించే పూత ఉండదు. విచిత్రంగా, ఆ పూతకు బీజం వేసినవారిలో డెన్నిస్ టేలర్ కూడా ఒకడు. గాలికి రంగు మారిన పాత గాజు కొత్త గాజు కంటే ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతున్నదని 1890లలో గమనించి, 1904లో ఆ మార్పును కృత్రిమంగా కలిగించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పూత లేని లెన్సుతో కరీంనగర్ వెండి తీగపని పళ్లాన్ని ఫోటో తీస్తే తేడా కళ్లకు కడుతుంది. ఒక్కొక్క తీగ మెరుపు చుట్టూ సన్నని వెలుగు పొర అలుముకుని, తీగల మధ్య నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. కొత్త లెన్సు అదే పళ్లాన్ని గీత గీసినట్టు చూపుతుంది. కొనేవారికి పనితనం చూపవలసిన వ్యాపారికి రెండోదే మేలు. కానీ వెండి చేతికి చల్లగా తగిలే భావాన్ని మొదటిదే బాగా పట్టిస్తుంది. ఎదురెండలో మాత్రం నల్లకాగితం చుట్టి నీడ కల్పించకపోతే బొమ్మంతా తెల్లబారిపోతుంది.

అద్దం లేని కెమెరాలు ఈ పాత లెన్సులను గుర్తుపట్టవు కాబట్టి, లెన్సు లేకున్నా షట్టరు పనిచేసే అమరికను మెనూలో తెరవడం, చేతివణుకును సరిచేసే ఏర్పాటు ఉంటే దానికి నాభ్యంతరాన్ని అంకెల్లో ఇవ్వడం తప్పనిసరి. తెర మీద బొమ్మను పెద్దది చేసి ఫోకస్ చూసుకునే వీలే, పాతకాలపు నల్లగుడ్డ కింది గరుకు గాజు స్థానాన్ని తీసుకుంది.

తెలంగాణ వాతావరణంలో ఈ లెన్సులకు శత్రువులు రెండు. వానాకాలపు తేమకు గాజు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. ఎండాకాలపు వేడికి, గాజుబిళ్లలను అతికించిన కెనడా బాల్సమ్ అనే చెట్టుజిగురు మెత్తబడి అంచుల దగ్గర వీడిపోతుంది. సిలికా జెల్ వేసిన మూతడబ్బాలో ఉంచి, అప్పుడప్పుడు వెలుతురు సోకనివ్వడం మొదటిదాన్ని అడ్డుకుంటుంది. రెండోదాన్ని బాగుచేయడం నేర్పరి పని. లెన్సు గొట్టాన్ని లేతులో కోసి మర వేయించడం కంటే, దాని పాత వలయం మీదే అడాప్టరును బిగించడం మంచిది. గొట్టం మీద చెక్కిన తయారీదారుడి పేరు, క్రమసంఖ్య చెరిగిపోకుండా ఉంటే, ఆ లెన్సు ఏ కాలంలో తయారైందో డాల్మేయర్, రాస్ వంటి సంస్థల విషయంలో ఇప్పటికీ అంచనా వేయవచ్చు.