బాల్యమునకు శాసనము గీసిన హద్దులు

ఉప్పల్, నాచారము పారిశ్రామికవాడలలో, లేతు యంత్రము చెంత నూనె మరకల చొక్కాతో నిలిచిన పసివాడు బాలుడా, కార్మికుడా యను ప్రశ్నకు శాసనము కాలమునకొక సమాధానము చెప్పుచు వచ్చినది. బ్రిటిషిండియాలో 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏడేండ్ల బిడ్డచేతను దినమునకు తొమ్మిది గంటలు పనిచేయింప ననుమతించెను. స్వతంత్ర భారతమున 1948 నాటి చట్టము పదునాలుగేండ్లు నిండనివానికి కర్మాగార ద్వారము మూసినది.

న్యాయస్థానముల లెక్క వేరు. 1986 నాటి బాలల న్యాయచట్టము బాలురకు 16, బాలికలకు 18 సంవత్సరములను హద్దుగా నిర్ణయింపగా, ఆ అసమానతను 2000 నాటి చట్టము తొలగించి యిరువురకును 18 ఏండ్లే యనెను. 2015 నాటి చట్టము, కార్మిక శాసనములకు విరుద్ధముగా పనిచేయుచు కనబడిన బిడ్డను సంరక్షణ పొందదగినవారిలో చేర్చి, 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెనని విధించినది, ఇది మహోపకారము. అయితే ఘోరనేరారోపణ గల పదునారేండ్లవారిని పెద్దలవలె విచారించుటకు అదే చట్టము త్రోవ తీయుట నాకు సమ్మతము కాదు.

వయస్సునకు తొలి సాక్ష్యము పాఠశాల పత్రము లేదా పరీక్షా ధ్రువపత్రము, తరువాత పురపాలక జననపత్రము. రెండును లేనిచో ఎముకల పరీక్షయే గతి. వలస కార్మికుల బిడ్డలకు ఆ కాగితములు దొరకుట దుర్లభము. పాఠకులారా, పనిలో నలుగు పసివారు కంటబడినచో 1098కు తెలుపుడు.