మిద్దెల మీది వైర్ల నుంచి సొంత సిరీస్‌ల దాకా

మార్కాపురంలో కేబుల్ కనెక్షన్లు ఇచ్చి బతికినవాణ్ణి. 1995లో జెమినీ, ఈటీవీ రెండూ మొదలయ్యాయి. అప్పటిదాకా తెలుగు కార్యక్రమాలకు దూరదర్శనే దిక్కు. చెన్నకేశవస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో మిద్దెల మీదుగా, స్తంభాల మీదుగా వైరు లాగాం. పలకల ఫ్యాక్టరీల్లో పొద్దంతా రాతిదుమ్ములో పనిచేసి వచ్చిన ఆడవాళ్లకు సాయంత్రం సీరియలే తీరిక. ఆ వేళకు బొమ్మ ఆగితే, "అన్నా, సీరియల్ అయిపోతాంది" అంటూ మా గుమ్మం ముందుకొచ్చేవాళ్లు.

డైలీ సీరియల్ ఏళ్లతరబడి సాగేది ప్రకటనల కోసం. కథ ముగిస్తే రాబడి ఆగుతుంది. పైగా అన్ని ఊళ్లవాళ్లకూ ఒకేసారి నచ్చాలి కాబట్టి, పెద్దింటి అత్తాకోడళ్లను దాటి రాతిగని దాకా వచ్చే తీరిక దానికి ఉండేది కాదు.

ఆ పద్ధతికి భిన్నంగా, ఇంటర్నెట్ వేదిక నెట్‌ఫ్లిక్స్ 2013లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి సీజన్ భాగాలన్నీ ఒకేరోజు విడుదల చేసింది. మాకు ఆ గాలి తగిలింది 2016లో జియో చౌక ఇంటర్నెట్ వచ్చాకే. గిద్దలూరు, కంభం కుర్రాళ్లకు ఫోనే టీవీ అయింది. 2020 ఉగాదికి అల్లు అరవింద్ ముందుండి నడిపిన 'ఆహా' తెలుగుకే ప్రత్యేకమైన వేదికగా లాంఛనంగా మొదలైంది. ఒకప్పుడు ఆదివారం రాత్రుల్లో జెమినీలో నవ్వించిన 'అమృతం', అదే ఉగాదికి 'అమృతం ద్వితీయం'గా జీ5లోకి వచ్చింది. టీవీ సంస్థలూ ఊరుకోలేదు. ఈటీవీ తన 'విన్' యాప్‌లో 2024 జనవరిలో '90's' సిరీస్ విడుదల చేసింది. ఒక లెక్కల మాస్టారి ఇల్లు, పిల్లల మార్కులు, నెలజీతం లెక్కలు: ఆరు భాగాల్లో కథ ముగిసింది, జనం గుండెకు హత్తుకున్నారు.

మా కనెక్షన్లు తగ్గాయి. అయినా ఈ మార్పు నాకు ఇష్టమే, ఎందుకంటే చిన్న ఊరి కథకు ఇప్పుడు చోటు దొరికింది. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకను చెక్కినవాళ్ల బతుకు, నోటుపుస్తకాలొచ్చాక పలక తగ్గిపోవడం, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపు, హైదరాబాదుకు వలస: ఇవి రోజూ అరగంట సాగదీసే కథలు కావు, ఆరు భాగాల్లో బిగువుగా చెప్పదగ్గవి. తీసేవాళ్లు హైదరాబాదు సెట్లలో కూర్చోకుండా మార్కాపురం రావాలి. మా ప్రాంతపు యాసను కామెడీ పాత్రకు కాక కథానాయకుడికి ఇవ్వాలి. గనుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.