ఫరీదీ వినోద్ అయిన కథ

మా అబ్బా మగ్రిబ్ నమాజు చదివొచ్చి ఇబ్నె సఫీ నవల పట్టుకుంటే ఇక అన్నం చల్లారిపోవాల్సిందే.

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1952 మార్చిలో అలహాబాదులో ఆయన 'జాసూసీ దునియా' మొదలైంది. ఆ ఏడే ఆయన కరాచీ వెళ్లిపోయాడు. అక్కడ ఆయన రాస్తుంటే ఇక్కడ అలహాబాదులో అబ్బాస్ హుసేనీ అచ్చేసేవాడు. 1980లో ఇబ్నె సఫీ చనిపోయేదాకా డిటెక్టివ్ ఫరీదీకి రెండు దేశాలూ సొంత ఊళ్లే.

హిందీలోకి వచ్చేసరికి మాత్రం ఫరీదీ వినోద్ అయ్యాడు. 1955లో పుట్టిన ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. అమ్మకాల కోసమే కావచ్చు. కానీ ఫరీదీ సహాయకుడు హమీద్ హమీద్‌గానే మిగిలాడు. నవ్వించేవాడు, చెప్పింది చేసేవాడు సాయిబైతే ఎవరికి ఇబ్బంది? నేరస్థుణ్ణి పట్టుకునేవాడికే పేరు మార్చాలి. పోలీసు అనుమానితుల జాబితాలో మా పేర్లు ఎవరూ మార్చరు లెండి.

2011లో చెన్నై నుంచి షంసుర్రహ్మాన్ ఫారూఖీ చేసిన ఇంగ్లీషు అనువాదాలొచ్చాయి. వాటిలో ఫరీదీ ఫరీదీయే.

బడి రోజుల్లో నేను కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దెకు తెచ్చేవాణ్ణి. అబ్బాకు తెలుగు చదవడం రాదు. రాత్రిళ్లు డిటెక్టివ్ యుగంధర్ కథలు ఉర్దూలో చెప్పించుకునేవాడు. యుగంధర్ పేరు మార్చి చెప్పమని ఒక్కనాడూ అడగలేదు.