వియెన్ నదీతీరాన షినోన్

చారిత్రక స్థలాలను చూడబోయే యాత్రికునికి ఇద్దరు మార్గదర్శకులు లభిస్తారు. ఆ ఊరిలో తరతరాలుగా చెప్పుకొనే కథ ఒకటి. పత్రాగారాలలో భద్రంగా నిలిచిన లిఖితం రెండవది. రెండూ ఏకవాక్యంగా పలికినప్పుడు చిక్కు లేదు. పలకనప్పుడు దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నను అడుగడుగునా మన ముందుంచే పట్టణం ఫ్రాన్సు దేశంలో ఒకటి ఉన్నది. దాని పేరు షినోన్.

తూర్ నగరానికి నైరుతి దిక్కున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, వియెన్ నది ఉత్తరపు ఒడ్డున ఈ పట్టణం వెలసినది. ఇక్కడినుండి కొంత దూరం పశ్చిమంగా ప్రవహించి వియెన్, ల్వార్ మహానదిలో సంగమిస్తుంది. దక్షిణపు ఒడ్డున నిలుచున్నవారికి ఊరంతా ఒక్క చూపులో కనబడుతుంది. ముందు నది, ఒడ్డున పలకరాతి కప్పుల ఇండ్లు, వాటి వెనుక ఏటవాలు గుట్ట, గుట్టపై పొడవునా కోట. కోటకూ ఇండ్లకూ వాడినది తూఫో అనే మెత్తని తెల్ల సున్నపురాయి. ఆ రాతిని తవ్విన చోట్ల కొండలో గుహలు ఏర్పడినవి. ఏడాది పొడవునా చల్లగా ఉండే ఆ గుహలలోనే ఇక్కడివారు ద్రాక్షాసవాన్ని పీపాలలో నిలువచేస్తారు.

పన్నెండవ శతాబ్దిలో ఈ కోట ఇంగ్లండు రాజైన రెండవ హెన్రీకి ప్రియమైన నివాసం. ఇంగ్లండుతోబాటు ఫ్రాన్సు పశ్చిమభాగమంతా ఆయన ఏలుబడిలో ఉండేది. అంతటి ప్రభువు 1189 జూలైలో, ఫ్రాన్సు రాజు ఫిలిప్‌తో చేతులు కలిపిన సొంత కుమారుడు రిచర్డు ఎదుట ఓటమిని అంగీకరించి, జ్వరపీడితుడై ఇక్కడికి చేరినాడు. తన్ను విడిచి శత్రుపక్షం చేరినవారి జాబితా తెప్పించగా, అందులో మొదటి పేరు తాను అందరికంటె ముద్దుగా చూచుకొన్న చిన్నకుమారుడు జాన్‌దే అయినదని ఆనాటి చరిత్రకారులు వ్రాసినారు. జూలై 6వ తేదీన హెన్రీ కన్నుమూసినాడు. సమీపంలోని ఫోంతెవ్రో మఠంలో ఆయన శిలాప్రతిమ, రాణి ఎలినార్ ప్రతిమ, ఎదురుతిరిగిన రిచర్డు ప్రతిమ నేడు ఒకే చోట శయనించి ఉన్నవి. 1205లో ఫిలిప్ దీర్ఘకాలపు ముట్టడి తరువాత షినోన్‌ను జాన్ చేతినుండి గెలుచుకొన్నాడు.

కోట పడమటి కొసన కూద్రే బురుజు ఉన్నది. దాని గోడలపై కొన్ని చెక్కడాలు కనబడతవి. అవి టెంప్లార్ యోధసన్యాసులు బందీలుగా ఉండి చెక్కినవని ప్రతీతి. ఆ సంఘంవారిని ఫ్రాన్సు రాజు నాల్గవ ఫిలిప్ 1307 అక్టోబరు 13వ తేదీన మతద్రోహనేరంపై నిర్బంధించినాడు. సంఘాధిపతి జాక్ ద మొలేనూ, మరికొందరు ప్రముఖులనూ 1308 ఆగస్టులో షినోన్‌లో పోపు పంపిన ముగ్గురు కార్డినల్‌లు విచారించినారు. బందీలు తప్పులు ఒప్పుకొని క్షమాపణ కోరగా, వారికి వెలి తొలగించి తిరిగి మతంలో చేర్చుకొన్నారు. ఇది వారిని నిర్దోషులుగా తేల్చిన తీర్పు కాదు. అయినను, పోపు దృష్టిలో వారు క్షమకు పాత్రులైనారనుటకు ఇది సాక్ష్యం. ఆ క్షమ వారిని కాపాడలేదు. సంఘం 1312లో రద్దయినది. మొలే తన ఒప్పుకోలును వెనుకకు తీసుకొనగా 1314లో పారిస్‌లో సజీవదహనం చేసినారు. షినోన్ విచారణను తెలిపే చర్మపత్రాన్ని వాటికన్ పత్రాగారంలో బార్బరా ఫ్రాలే అనే ఇటలీ చరిత్రకారిణి 2001లో గుర్తించినది. ఏడువందల ఏండ్లపాటు టెంప్లార్‌లను గూర్చి పుట్టిన వింతకథలకు లెక్కలేదు. ఈ చిన్న చర్మపత్రం మాత్రం అంతకాలం వెలుగు చూడలేదు.

షినోన్ పేరు వినగానే ఎక్కువమందికి స్ఫురించేది 1429వ సంవత్సరం. ఓర్లేయాన్ నగరాన్ని ఇంగ్లీషు సేనలు ముట్టడించి ఉన్నవి. పట్టాభిషేకం కాని చార్లెస్ ఈ కోటలో తలదాచుకొన్నాడు. అప్పుడు పదిహేడేండ్ల పల్లెపడుచు జోన్ గుర్రంపై వచ్చి, దేశాన్ని రక్షించుటకు దైవం తన్ను పంపినాడని చెప్పినది. రాజు మారువేషంతో సభికులలో దాగినాడనీ, ఆమె నేరుగా ఆయన వద్దకే వెళ్ళి మోకరిల్లినదనీ కథ. రెండేండ్ల తరువాత న్యాయస్థానంలో జోన్ చెప్పినది ఇంతకంటె చిన్నమాట. తనకు వినబడే దివ్యవాణి తెలుపగా రాజును గుర్తించినానని మాత్రమే ఆమె వాఙ్మూలం. మిగిలిన హంగులు పెక్కు తరువాతివారు చేర్చినవి. హంగులు తీసివేసినా ఆమె కార్యం తగ్గదు. మే 8వ తేదీకి ఓర్లేయాన్ ముట్టడి తొలగినది. జూలై 17న రేమ్స్‌లో చార్లెస్‌కు పట్టాభిషేకం జరిగినది. 1431లో ఆమె రూవెన్‌లో అగ్నికి ఆహుతి అయినది. ఆ సమావేశం జరిగినదని చెప్పే మహాసభాభవనంలో నేడు మిగిలినది ఒక చివరిగోడ, దానిలో ఎత్తున వ్రేలాడుతున్నట్లుండే ఒక పొయ్యిగూడు.

నది దాటి నైరుతిగా కొన్ని కిలోమీటర్లు పోతే సుయీ గ్రామంవద్ద లా దెవినియేర్ అనే తెల్లరాతి ఇల్లు కనబడుతుంది. వైద్యుడూ మహాహాస్యరచయితా అయిన రబెలే జన్మస్థలం ఇదేనంటారు. ఆయన ‘గార్గాంట్యువా’ గ్రంథంలో రొట్టెల బేరంలో మొదలైన ఒక తగవు మహాయుద్ధంగా మారుతుంది. పాత్రలు భూతాకారులు, సంఘటనలు కల్పితాలు. కాని యుద్ధరంగాలైన లెర్నే, సుయీ మాత్రం ఆ ఇంటి చుట్టుపట్లనే ఉన్న నిజమైన పల్లెలు. రాజుల యుద్ధకాంక్ష ఎంత హాస్యాస్పదమో చెప్పుటకు ఆయనకు ఇరుగుపొరుగు చేలే చాలినవి. ఆ కథలో ఒక సన్యాసి మఠపు ద్రాక్షతోటను కాపాడుటకు శత్రువులను తరిమికొట్టిన ఘట్టం ప్రసిద్ధం.

ఆ తోటలు ఈ సీమలో నేటికీ పచ్చగా ఉన్నవి. ఇక్కడి ఆసవం ఎక్కువభాగం ఎర్రనిది. కాబర్నే ఫ్రాంక్ జాతి ద్రాక్షనుండి తీస్తారు. ఆ తీగెను స్థానికులు బ్రెతోన్ అంటారు. నదిని ఆనుకొన్న గులకరాతి నేలల పంట త్వరగా పక్వమై తేలికగా ఉంటుందనీ, సున్నపురాతి వాలుల పంట ఏండ్లకొలది నిలుస్తుందనీ రైతుల అనుభవం. ఆసవంపై షినోన్ పేరు వేసుకొనే హక్కును 1937లో చట్టం నిర్ణయించినది.

కోట ఉపేక్షకు గురియై శతాబ్దాలపాటు శిథిలమైనది. రాజభవనానికి తిరిగి కప్పు వేసినది ఈ ఇరువదియొకటవ శతాబ్దిలోనే. దానిని చూడబోయేవారు కథను విననక్కర లేదని నేననను. జోన్ కథను నమ్మిన ప్రజలే ఆ గోడను కూలనీయకుండా కాపాడుకొన్నారు. కాని కథ విన్న తరువాత లిఖితాన్నికూడ అడగవలెను. అడగనిచో, మొలేకు లభించిన క్షమవలె, ఒకరికి న్యాయంగా చెందవలసిన మాట ఏడువందల ఏండ్లు చీకటిలో పడి ఉండును.