నక్షత్రం నుంచి చీలమండ దాకా: డాప్లర్ కథ

సాల్ట్ లేక్‌లో నేను అద్దెకుండే ఇంటి ఓనరుని దాదూ అంటాను. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య నాలుగొందల అడుగులు నడిస్తే చాలు, పిక్క పట్టేసి కూర్చుండిపోయేవారు. రెండు నిమిషాలు ఆగితే నొప్పి పోయేది. ఇంట్లో అందరూ "వయసు కదా" అన్నారు. చివరికి ఒక డాక్టరు కాలికి డాప్లర్ స్కాన్ రాస్తే, తొడలో ధమని ఇరుకైందని తేలింది. ఆ రిపోర్టు చూస్తే బీటెక్ ఫిజిక్సే ఎదురొచ్చింది!

చరిత్ర చూద్దాం. 1842లో ప్రాగ్‌లో క్రిస్టియన్ డాప్లర్ జంట నక్షత్రాల రంగుల గురించి రాస్తూ, కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం మారుతుందన్నాడు. 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బాలట్ రైలు మీద బూరలు ఊదించి, ధ్వని విషయంలో అది నిజమేనని చూపించాడు. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లాంజెవిన్ దాన్ని సబ్‌మెరైన్ల వేటకు వాడాడు. 1950లలో జపాన్‌లో సతోమురా ఇదే సూత్రాన్ని గుండె కదలికలకు, తర్వాత రక్తప్రవాహానికి వర్తింపజేశాడు. 1960లలో సియాటిల్‌లో స్ట్రాండ్‌నెస్ కాళ్ల ధమనులను ఈ పద్ధతిలో పరీక్షించాడు. అంటే నక్షత్రం నుంచి కాలికి రావడానికి వందేళ్లకు పైనే పట్టింది.

పరీక్ష ఎలా చేస్తారు? చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. 90ని 150తో భాగిస్తే 0.6. ఫలితం 0.9 లేదా అంతకంటే తక్కువైతే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టే. ఇక్కడొక మెలిక గమనించండి. షుగర్ రోగుల్లో ధమనులు గట్టిపడి, పట్టీ బిగించినా నొక్కుకోవు. అంకె 1.4 దాటిపోయి, లోపలి జబ్బు కనపడదు. అప్పుడు రక్తప్రవాహపు అలల ఆకారమే ఆధారం. ఆరోగ్యమైన ధమనిలో సాధారణంగా మూడు అలలు, బాగా ఇరుకైతే ఒక్కటే. ప్రోబ్‌ను ధారకు లంబంగా పెడితే కాస్ 90 సున్నా, అంటే మార్పే నమోదు కాదు. అందుకే కోణాన్ని 60 డిగ్రీలు దాటనివ్వరు. యంత్రం ఉంటే సరిపోదు, శిక్షణ పొందిన చేయి కూడా కావాలి.

అల్ట్రాసౌండ్ అనగానే మనం 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం రాసి ఊరుకుంటాం. కానీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. కాలికి రక్తం అందడం లేదని ఆలస్యంగా తెలిస్తే, పుండు మానక కాలు తీసేయాల్సి రావచ్చు. ముందే తెలిస్తే మందులు, నడక, అవసరమైతే చికిత్సతో కాపాడుకునే వీలుంది.

ఈ సాల్ట్ లేక్‌ను కలగన్న బిధాన్ చంద్ర రాయ్ స్వయంగా డాక్టరు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 1962లో ఇక్కడి చిత్తడి నేలను పూడ్చడం మొదలైంది. ఆయన పేరిటే జూలై 1న డాక్టర్స్ డే జరుపుకుంటాం. ప్రాథమిక ఆరోగ్యం మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే, చేతిలో పట్టే డాప్లర్ గురించి ఒక్క వాక్యమైనా రాయండి. దానికంటే ముందు, మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లను నడిస్తే పిక్క పడుతోందా అని అడగండి.