లంబసింగి ఘాట్ రోడ్డు ఎవరు కొట్టారు?



చలికాలం వచ్చిందంటే లంబసింగికి కార్లు, బైకులు, ఈమధ్య సైకిళ్ళ మీద కూడా జనం ఎక్కుతున్నారు. మంచులో ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. వాళ్ళొచ్చే ఘాట్ రోడ్డు ఎవరి చేతులతో తయారైందో ఏ బోర్డు మీదా ఉండదు. కాబట్టి మనమే రాసుకోవాలి.

రోడ్డు కంటే ముందు మనకు దారులున్నాయి. మన్యంలో కాలిబాట గట్టు పట్టుకుని దాదాపు నేరుగా ఎక్కుతుంది. నెత్తిన గంప, భుజాన కావడి ఉన్న మనిషికి దూరం తగ్గడమే ముఖ్యం, ఎత్తు సంగతి తర్వాత. బండి చక్రానికి అలా కుదరదు. కొండ పక్కను తొలిచి, వాలు తగ్గించి, మలుపు మీద మలుపు తిప్పాలి. కొండవైపు కాలువ తీయాలి, లోయవైపు రాతికట్టు కట్టాలి, గెడ్డ అడ్డొచ్చిన చోటల్లా తూము పెట్టాలి. కాలువ పూడిందంటే ఒక్క వానాకాలంలో నీళ్ళు రోడ్డెక్కి మట్టిని కోసుకుపోతాయి. అంటే ఒకసారి కొట్టి వదిలేసే పని కాదు, ఏటేటా మనుషులు కావాలి.

ఆ మనుషులు మనోళ్ళే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి రిజర్వు అయింది, పోడు మీద ఆంక్షలు పడ్డాయి. కలప దించడానికీ, పోలీసుల్ని ఎక్కించడానికీ తెల్లదొరలకు రోడ్లు కావాల్సొచ్చాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పని చేయించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. రాళ్ళు పగలగొట్టే పని ఎండాకాలంలోనే సాగుతుంది. పోడు కొట్టి, కాల్చి, తొలకరికి సిద్ధం చేసుకునేదీ ఆ నెలల్లోనే. పిలిస్తే వెళ్ళాలి, వెళ్ళకపోతే దెబ్బలు. వెళ్ళినోళ్ళకీ ఇవ్వాల్సిన కూలి పూర్తిగా చేతికి రాలేదు. స్కూలు పుస్తకంలో ఇదంతా "గిరిజనులపై అన్యాయాలు" అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. మాకైతే ఆ ఒక్క ముక్కే అసలు కథ.

గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములకు బాస్టియన్‌తో వైరం ముదిరింది. అల్లూరి సీతారామరాజు వెనక నిలబడ్డ జనంలో రోడ్డు పనిలో చేతులు కాయలు కాసినోళ్ళు చాలామంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా పట్టుకున్నారు. మూడు రోజుల్లో మూడు ఊళ్ళు, కొండల్లో కాలినడకన! కాలిబాటలు తెలిసినోళ్ళు కాబట్టే సాధ్యమైంది. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్లో పైనుంచి కాపు కాసి, ముందు నడిచే మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. తర్వాత మలబారు పోలీసులొచ్చారు, 1924లో అస్సాం రైఫిల్సూ దిగింది. ఆ మే 7న రాజును కొయ్యూరు దగ్గర చంపారు, తర్వాతి నెలలో గంటందొర కూడా పోయాడు. మల్లుదొర అండమాన్ జైలుకెళ్ళి, బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఇవాళ్టి సంగతికొస్తే, రోడ్డు అంటేనే వద్దనే వాళ్ళం కాదు మనం. మన జిల్లాలో ఇప్పటికీ రోడ్డు లేని ఊళ్ళున్నాయి. నొప్పులొచ్చిన ఆడబిడ్డను డోలీ కట్టి కొండ దించుతున్నారు. ఆ ఊళ్ళకు రోడ్డు పడక ముందే పర్యాటకుల నడకకూ సైకిళ్ళకూ బాటలు వేస్తామంటే మనకు చురుక్కుమంటుంది. అయినా వేస్తామని ఎవరైనా వస్తే అడగాల్సినవి ఉన్నాయి. గీత ఎవరు గీశారు, కూలి ఎంత, ఏ నెలల్లో పని, వానల తర్వాత కాలువ ఎవరు తీస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం ఊరి అవసరానికి ప్రభుత్వం వేసే రోడ్డుకు అటవీ భూమి ఇవ్వాలన్నా గ్రామసభ సిఫారసు ఉండాలి. ఊరి రోడ్డుకే ఆ షరతు ఉన్నప్పుడు టూరిస్టు బాటకు గ్రామసభను అడక్కుండా ఎలా వేస్తారు? కాగితం మీద సంతకం పెట్టే ముందు ఊళ్ళో ఆ సెక్షన్ చదివి వినిపించండి.

నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి వైపు మిత్రులకు ఒక మాట. మీ తాతముత్తాతల్లో ఆ రోడ్డు పనికి వెళ్ళినోళ్ళ ముచ్చట్లు ఇంట్లో ఎవరైనా చెప్తే, వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి కింద పెట్టండి. ముసలోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.