చట్టం పులియబెట్టిన బీరు

అమెరికాలో ఉంటున్న మిత్రుడొకరు సెలవు రోజుల్లో ఇంట్లోనే బీరు కాస్తారు. కిందటి శీతాకాలం వారింటికి వెళ్ళినప్పుడు, పొయ్యిమీద 30 లీటర్ల పాత్రలో మరుగుతున్న బార్లీ రసంలో ఆయన కిలో పంచదార కుమ్మరించడం చూసి ఆశ్చర్యపోయాను. బీరులో పంచదారేమిటని అడిగితే, "బెల్జియం వాళ్ళ ఘాటు బీరు ఇలాగే చెయ్యాలి" అన్నారు. అసలు అంత ఘాటెందుకన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. తరువాత వెతికితే ఆ జవాబులో సగం వంటపుస్తకాల్లో కాక చట్టాల పుస్తకంలో కనిపించింది.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 నుంచి 1918 వరకు, బెల్జియంలో అధికభాగం జర్మనీ సేనల ఆక్రమణలో ఉంది. బీరు కాచే రాగి కాగులను ఆయుధాల కోసం పట్టుకుపోయారు. ధాన్యం కరవైంది. ఎన్నో బట్టీలు చల్లారిపోయాయి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919 ఆగస్టులో, మరో మార్పు వచ్చింది. సోషలిస్టు నాయకుడూ అప్పటి న్యాయశాఖ మంత్రీ అయిన ఎమిల్ వాండర్‌వెల్డ్ పేరుతో ప్రసిద్ధమైన చట్టం పానశాలల్లో సారాయి అమ్మకాన్ని నిషేధించింది. అంగడిలో కొనాలంటే ఒక్కసారే కనీసం రెండు లీటర్లు కొనాలి. కూలి డబ్బుతో బతికేవాడు అంత మొత్తం ఒకేసారి పెట్టలేడన్నదే ఇందులోని కిటుకు. శ్రామికుల సంసారాలు జెనెవర్ అనే సారాయిలో మునిగిపోకుండా కాపాడాలన్నది ఉద్దేశం.

బీరు జోలికి ఆ చట్టం పోలేదు. పానశాలలో సారాయి ఘాటుకు అలవాటుపడ్డవాడు ఇప్పుడు దాన్ని బీరులోనే వెతుక్కున్నాడు. ఘాటు బీర్లు అంతకుముందు లేవని కాదు. వాటికి కొత్తగా గిరాకీ పెరిగింది. బ్రీండాంక్ గ్రామంలో మోర్ట్‌గాట్ కుటుంబం యుద్ధవిజయానికి గుర్తుగా కాచిన బీరుకు 'విక్టరీ ఏల్' అని పేరు. దాన్ని రుచిచూసిన ఓ చెప్పులు కుట్టే ఆయన "ఇది నిజంగా దెయ్యమే" అన్నాడని ఒక కథ. 1923 నుంచి దాని పేరు 'డూవెల్', అంటే దెయ్యమే. దాని మద్యపు పాలు 8.5 శాతం.

దెయ్యానికి దీటుగా సన్యాసులూ ఉన్నారు. వెస్ట్‌మాల్ మఠంలోని ట్రాపిస్టు సన్యాసులు 1836 నుంచీ తమ భోజనానికి తామే బీరు కాచుకునేవారు. 1934లో వాళ్ళు 'ట్రిపెల్' అనే లేతరంగు ఘాటు బీరును బయటి ప్రపంచానికి అందించారు. నేడు దాని బలం 9.5 శాతం. విశేషమేమిటంటే, మఠంలో భోజనవేళ వాళ్ళు తాగేది పలుచని బీరే. ఘాటుది అమ్మకానికి, ఆ రాబడి మఠం పోషణకూ దానధర్మాలకూ.

ఇక పంచదార సంగతి. బార్లీ మాత్రమే వాడి అంత బలం తెస్తే బీరు పానకంలా చిక్కబడి, రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది. పంచదారను ఈస్టు దాదాపు పూర్తిగా తినేస్తుంది. బలం మిగులుతుంది, బరువు మిగలదు. మా మిత్రుని కొలత 20 లీటర్ల బీరుకు 5.5 కిలోల మాల్టు, ఒక కిలో పంచదార. ఖరీదైన తెల్ల కండచక్కెరే కావాలని ఇళ్ళలో కాచేవారు చాలాకాలం నమ్మారు గానీ, మామూలు పంచదారకూ దానికీ రసాయనికంగా భేదం లేదు.

అసలు పరిమళం ఈస్టుది. షిమే మఠంలో ఫాదర్ థియొడోర్ 1948లో ఒక ఈస్టును వేరుచేసి పెంచారు. ఆ మఠపు బట్టీకి లూవెన్ ఆచార్యుడు జాన్ ద క్లెర్క్ సలహాదారు. ఇలాంటి బీర్లు సీసాలోనూ పులుస్తాయి గనుక అడుగున ఈస్టు బతికే ఉంటుంది. అమెరికాలో ఇంట బీరు కాచుకోవడాన్ని అనుమతించే ఫెడరల్ చట్టంపై 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాక, ఔత్సాహికులు ఆ మడ్డినే తోడుగా వాడి సొంత బీరు పులియబెట్టారు. మన ఇళ్ళలో పొరుగింటి నుంచి తోడు తెచ్చుకున్నట్టే.

వాండర్‌వెల్డ్ చట్టం 1983లో రద్దయింది. అది ఓడిందనడం నాకు న్యాయంగా తోచదు. సుమారు 35 శాతం ఘాటున్న సారాయి స్థానంలో 9 శాతం బీరు రావడమూ చిన్న సంగతి కాదు. కానీ మంత్రి ఊహించనిది ఒకటి జరిగింది: తాగుడును అదుపుచేయబోయిన చట్టం, ఒక దేశం గర్వంగా చెప్పుకునే పానీయాన్ని పెంచి పోషించింది. 2016లో యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

మొన్న మిత్రునికి ఈ కథంతా ఫోనులో చెప్పాను. అంతా విని, "అయితే ఈసారి పంచదార వేసేటప్పుడు ఆ మంత్రిగారిని తలుచుకుంటాను" అన్నారు.